ఉత్తరాంధ్రలో హరికథా కాలక్షేపం

హరికథా కాలక్షేపం అనగా హరిదాసు పాట, పద్యం, వచనం, అభినయం, నృత్యం కలిపి చెప్పే పురాణకథను ఊరివారు, అభిమానులు ఒకచోట కూర్చొని వినే సభ. ఇక్కడ "కాలక్షేపం" అనే మాటకు ఊరకే పొద్దుపుచ్చడం అని అర్థం కాదు. సత్కథతో కాలాన్ని సార్థకంగా గడపడం అని అర్థం. ఆంధ్ర ప్రదేశ్ ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ కళతో ప్రత్యేక సంబంధం ఉన్నది. హరికథా పితామహుడుగా పేరు పొందిన ఆదిభట్ల నారాయణదాసు ఈ ప్రాంతంవాడే. కథ చెప్పే దాసు గురించి పుస్తకాలలో చాలా చదువుతాము. కథ వినే సభను గురించి వ్రాసినది తక్కువ. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఆ సభను, అందులో శ్రోతల పాత్రను వివరించడమైనది.

నేపథ్యం

మహారాష్ట్రంలోని కీర్తన సంప్రదాయం మరాఠా పాలకుల కాలంలో తంజావూరు చేరి, దక్షిణాదిన కథా కాలక్షేపంగా రూపు దిద్దుకొన్నది. తెలుగునాట దానికి సొంత రూపం ఇచ్చినవాడు నారాయణదాసు. ఆయన 1864 ఆగస్టు 31న బొబ్బిలి సమీపంలోని అజ్జాడ గ్రామంలో జన్మించాడు. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు అనే భాగవతుడు చెప్పిన హరికథను విని, తాను కూడా హరికథకుడు కావాలని నిశ్చయించుకొన్నాడు. అంటే తెలుగు హరికథ చరిత్రలో ఒక ప్రధాన ఘట్టం వేదిక మీద కాక, శ్రోతల మధ్య జరిగింది. ఆ సభకు ఆయన వెళ్ళినది వినడానికే.

ఆ తరువాత దాసు యథార్థ రామాయణం, రుక్మిణీ కల్యాణం, అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము మొదలైన హరికథలు రచించి, తానే గానం చేశాడు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సుతో ఒకేసారి ఐదు వేర్వేరు తాళగతులను చూపే "పంచముఖి" ఆయన ప్రజ్ఞకు గుర్తుగా చెప్పబడుతుంది. 1919లో విజయనగరంలో మహారాజా పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత పాఠశాలను స్థాపించినప్పుడు నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడైనాడు. 1936లో ఆయన పదవీ విరమణ చేయగా, ప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత స్వీకరించాడు. దాసు 1945 జనవరి 2న మరణించాడు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల ఈ సంస్థలోనే సంగీతం నేర్చుకొన్నారు. ఇటువంటి విద్యాలయం ఊరిలో ఉన్నందున, విజయనగరం సభలలో తాళం, రాగం తెలిసిన శ్రోతలు సామాన్య జనంతో కలిసి కూర్చొనేవారు.

సభాస్థలం

హరికథకు పెద్ద రంగస్థలం అక్కరలేదు. రామకోవెల ముందరి అరుగు, శ్రీరామనవమి పందిరి, వినాయక చవితి పందిరి, అమ్మవారి సంబరాలలో వేసే తాటాకు పందిరి, ఊరి మధ్యనున్న నాలుగు వీధుల కూడలి - ఏదైనా చాలును. నాటకానికి వలె తెరలు, అలంకరణలు ఉండవు. రెండు బల్లలు చేర్చి దుప్పటి పరచినా వేదికయే. శ్రోతలు తెచ్చుకొన్న చాపల మీద, గోనెపట్టాల మీద, లేదా నేల మీదనే కూర్చొంటారు. స్త్రీలు ఒక ప్రక్క, పురుషులు ఒక ప్రక్క, పిల్లలు అందరికన్నా ముందు కూర్చొనడం వాడుక.

మైకులు రాకముందు సభ ఎంత పెద్దదో దాసు కంఠమే నిర్ణయించేది. గొంతు వినబడినంత మేరకే జనం కూర్చొనేవారు. ఆ వెనుక నిలబడినవారు కథ తెలియక వెళ్ళిపోయేవారు, లేదా ముందుకు జరిగి ఒదిగి కూర్చొనేవారు. అందువలన హరికథ సహజంగానే చిన్న సభ కోసం పుట్టిన కళ అని చెప్పవచ్చును. పెట్రోమాక్స్ దీపం వెలుగులో దాసు కనుబొమల కదలిక చివరి వరుసవారికి కూడా కనబడేటంత దూరమే దానికి తగిన కొలత.

కథ నడిచే తీరు

రాత్రి భోజనాలు ముగిసిన తరువాత కథ మొదలవుతుంది. దాసు పట్టుపంచె కట్టి, నడుమునకు ఉత్తరీయం బిగించి, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేత చిరుతలు ధరించి నిలబడి కథ చెబుతాడు. వెనుక మృదంగం, వాయులీనం లేదా హార్మోనియం సహకారం ఉంటుంది. ముందుగా ఇష్టదేవతా ప్రార్థన, గురుస్తుతి, తరువాత కథాసంగ్రహం చెప్పి అసలు కథలోనికి ప్రవేశిస్తాడు. కథలోని పాత్రలన్నింటినీ ఆయన ఒక్కడే పోషిస్తాడు. కృష్ణుడుగా నవ్విన ముఖంతోనే మరుక్షణంలో రుక్మిణిగా సిగ్గుపడవలెను. కథ మధ్యలో వచ్చే పిట్టకథలు సభను నవ్విస్తాయి. అవి చాలావరకు ఆ ఊరి వాడుక మాటలలోనే సాగుతాయి. చివర మంగళహారతితో కథ ముగుస్తుంది. అప్పటికి అర్ధరాత్రి దాటడం సాధారణం.

శ్రోతల పాత్ర

హరికథలో శ్రోత కేవలం వినేవాడు కాదు. కథ ఒక ఘట్టం నుండి మరొక ఘట్టానికి మారేటప్పుడు దాసు "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అనగానే సభ అంతా "గోవిందా" అని పలుకుతుంది. ఇందులో భక్తి ఉన్నది, ఉపాయం కూడా ఉన్నది. దాసుకు ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది, మృదంగం శ్రుతి సరిచూసుకొనవచ్చును, కునికిపాట్లు పడేవారు మేలుకొంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పలుకు ఎంత గట్టిగా వచ్చినదో విని, సభ తనతో ఎంతవరకు ఉన్నదో దాసు అంచనా వేసుకొంటాడు.

ఈ అంచనాను బట్టి కథ రూపం మారుతుంది. సంగీతజ్ఞులు ఎక్కువగా ఉన్న సభలో కీర్తనకు స్వరకల్పన పెరుగుతుంది. రైతులు, కూలీలు రోజంతా పొలాలలో పనిచేసి వచ్చిన సభలో వచనం, హాస్యం పెరుగుతాయి. స్త్రీలు కన్నీరు తుడుచుకొంటూ ఉంటే సీతావియోగం మరికొంతసేపు సాగుతుంది. పిల్లలు నిద్రపోతే పిట్టకథ వస్తుంది. కనుక ఒకే దాసు ఒకే కథను రెండు ఊళ్ళలో చెప్పినా అవి రెండు కథలే అవుతాయి. పుస్తకంలో అచ్చయిన హరికథ దాని సగం రూపం మాత్రమే. మిగిలిన సగం ఆ రాత్రి అక్కడ కూర్చొన్నవారిది.

అభిమానులు

పేరున్న హరిదాసులకు తమ తమ అభిమానులు ఉండేవారు. తమకు ఇష్టమైన దాసు పొరుగూరికి వస్తున్నాడని తెలిస్తే నలుగురైదుగురు కలిసి బండి కట్టుకొని, లేదా కాలినడకన వెళ్ళి కథ వినేవారు. వారికి కథ ముందే తెలుసు. ప్రహ్లాదుడు ఏమవుతాడో తెలియక ఎవరూ రారు. ఈసారి ఆ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకొంటాడు, ఆ ఘట్టంలో ఎక్కడ ఆపుతాడు అన్నదే వారి ఆసక్తి. తిరుగు దారిలో ఈ దాసు గొప్పా, ఆ దాసు గొప్పా అనే వాదం తెల్లవారే వరకు సాగేది. ఒంటరిగా విన్న కథకు ఈ తిరుగు దారి ఉండదు. తోటి అభిమానితో కలిసి వినడంలోని ఆనందం సగం అక్కడే ఉన్నది.

దాసుకు ఇచ్చే సంభావన ఊరి చందాల నుండి వస్తుంది. దీనికి తోడు కథ మధ్యలో అభిమానులు చదివింపులు చేస్తారు. ఇచ్చినవారి పేరును దాసు సభలో చదివి ఆశీర్వదిస్తాడు. రూపాయి ఇచ్చినవాడి పేరు, పదిరూపాయలు ఇచ్చినవాడి పేరు ఒకే గొంతుతో చదవడం మంచి దాసు లక్షణంగా భావిస్తారు.

పోల్చదగిన ఇతర కళలు

ఇదే ప్రాంతంలో తప్పెటగుళ్ళు, జముకుల కథ కూడా ఇటువంటి దగ్గరి సభలలోనే వర్ధిల్లాయి. తప్పెటగుళ్ళలో యాదవ కులస్థుల బృందం గుండె మీద కట్టుకొన్న రేకు తప్పెటలను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడుతుంది. జముకుల కథలో జముకు అనే వాద్యపు తీగ నాదం కథకు తోడవుతుంది. ఈ రెండింటిలోనూ చూసేవారు కళాకారులకు చుట్టూ, చేతికందే దూరంలో ఉంటారు.

ఈ అనుభవం మన ప్రాంతానికి మాత్రమే పరిమితమైనది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో కేవర్న్ క్లబ్ అనే నేలమాళిగలో బీటిల్స్ అనే రాక్ సంగీత బృందం 1961 నుండి 1963 వరకు అనేక పర్యాయాలు పాడింది. ఇరుకైన చోట, తెలిసిన ముఖాల నడుమ పాడిన ఆ రోజులు బృందం ఎదుగుదలకు తోడ్పడ్డాయి. భాష, భావం వేరైనా, ఎదుటి మనిషి ముఖం చూస్తూ పాడేవాడికి, తోటివారి భుజం తగులుతూ వినేవాడికి మధ్య ఏర్పడే బంధం ఒక్కటే.

మార్పులు, ప్రస్తుత స్థితి

మైకు రాకతో సభలు పెద్దవయ్యాయి గాని, దాసుకు, చివరి వరుసకు దూరం పెరిగింది. తరువాత సినిమా, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, టెలివిజన్ పండుగ పందిళ్ళలో హరికథ స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. రాత్రి తెల్లవార్లూ సాగిన కథ ఇప్పుడు చాలాచోట్ల గంట, గంటన్నరకు కుదించబడింది. వ్యవధి తగ్గినప్పుడు మొదట పోయేవి పిట్టకథలు, అనగా శ్రోతల కోసం అప్పటికప్పుడు పుట్టే భాగమే.

కళ పూర్తిగా అంతరించలేదు. గోదావరి తీరంలోని కపిలేశ్వరపురంలో 1973లో స్థాపించిన సర్వారాయ హరికథా పాఠశాల బాలికలకు కూడా ఈ విద్య నేర్పి, వేదిక మీదకు స్త్రీలను తెచ్చింది. రాష్ట్రంలోని ఇతర జిల్లాలకు చెందిన హరికథకులు కోట సచ్చిదానంద శాస్త్రి 2023లోను, డి.ఉమామహేశ్వరి 2024లోను పద్మశ్రీ పురస్కారం పొందారు. విజయనగరంలో నారాయణదాసు పేరు నేటికీ గౌరవంతో తలచుకోబడుతున్నది.

అయితే పురస్కారాలు, పాఠశాలలు దాసులను తయారు చేయగలవు గాని సభను తయారు చేయలేవు. దాసు గళాన్ని, ఆయన ముఖాన్ని యంత్రాలలో భద్రపరచవచ్చును. "గోవిందా" అని బదులు పలికే నలుగురు ఎదురుగా లేనప్పుడు ఆ కథ ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగాలో చెప్పేవారుండరు. హరికథను కాపాడుకోవాలంటే చెప్పేవారితో పాటు, చాప పట్టుకొని బయలుదేరి, తోడుకు మరొకరిని పిలుచుకొని వచ్చే శ్రోతలు కూడా కావాలి.