ఒకే ఇంజను – అయిదు వందల నుంచి వెయ్యి హార్స్‌పవర్ దాకా

“మావయ్యా, టర్బో బూస్టు కాస్త పెంచితే ఇంకో యాభై హార్స్‌పవర్ వస్తుందటగా?” అని ఒక సంక్రాంతికి మా మేనల్లుడు అడిగాడు. కొత్తగా కొన్న డీజిల్ కారు వాడిది. “వస్తుందిరా. కానీ ఆ యాభై గుర్రాలు ఎవరి నెత్తిన ఎక్కుతాయో ముందు చూసుకో” అన్నాను. వాడు వినలేదు. ఎవరో కుర్రాళ్ల చేత కంప్యూటరు పెట్టించి బూస్టు పెంచుకున్నాడు. మూడు నెలలకి ఒక కనెక్టింగ్ రాడ్ వంగిపోయి బండి షెడ్డుకెక్కింది. “తప్పెక్కడ జరిగింది మావయ్యా?” అని అప్పుడొచ్చి అడిగాడు.

వాడికి చెప్పిన సమాధానమే ఈ వ్యాసం. ఇరవై ఎనిమిదేళ్లు ఈ.ఎం.ఈ.లో ట్యాంకు ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. సికింద్రాబాదు తిరుమలగిరిలో స్పానరు పట్టడం నేర్చుకున్న రోజు నుంచి పెన్షనొచ్చే దాకా నా చేతికి ఎక్కువగా తగిలినది ఒకే కుటుంబానికి చెందిన ఇంజను. దాని చరిత్ర తెలిస్తే, శక్తి పెంచడమంటే ఏమిటో దానంతటదే తెలుస్తుంది.

ఆ కుటుంబానికి మూలపురుషుడి పేరు వి-2. 1930ల మొదట్లో సోవియట్ యూనియన్‌లోని ఖార్కోవ్ రైలింజన్ల ఫ్యాక్టరీలో దీని పని మొదలైంది. పన్నెండు సిలిండర్లు, వి ఆకారం, 150 మిల్లీమీటర్ల బోరు, మొత్తం 38.88 లీటర్లు. ఆ రోజుల్లో ట్యాంకులకి ఎక్కువగా పెట్రోలు ఇంజన్లే. దెబ్బ తగిలితే భగ్గున అంటుకునేవి. తేలికైన, వేగంగా తిరిగే డీజిల్ కావాలన్నది వాళ్ల పట్టుదల. మొదటి నమూనాలు పరీక్షల్లో బేరింగులు పాడై, క్రాంక్‌కేసులు చిట్లి చాలా ఏడిపించాయి. ఒక్కోటీ సరిచేసుకుంటూ వెళ్లి 1939లో ఇంజనును సైన్యానికి ఒప్పించారు. 1800 చుట్ల దగ్గర 500 హార్స్‌పవర్. టి-34 ట్యాంకు గుండెకాయ అదే.

ఆ డీజిల్ విభాగానికి నాయకుడు కాన్‌స్తాంతిన్ చెల్పాన్, గ్రీకు సంతతివాడు. ఇంజను సైన్యంలో చేరడం ఆయన చూడలేదు. స్టాలిన్ కాలపు అరెస్టుల్లో 1937 డిసెంబరులో పట్టుకెళ్లి, 1938లో కాల్చి చంపారు. 1956లో నిర్దోషి అన్నారు. అప్పటికి ఆయన ఇంజను ఒక మహాయుద్ధం గెలిపించి పదకొండేళ్లయింది. మిగిలిన పనిని తిమోఫేయ్ చుపాఖిన్ మొదలైన సహచరులు పూర్తి చేశారు. 1941లో జర్మన్లు దగ్గరికొస్తే ఇంజన్ల ఫ్యాక్టరీని మెషీన్లతో సహా రైళ్లకెక్కించి ఉరల్ కొండల పక్కన చెల్యాబిన్‌స్క్‌కి తరలించారు. ఆ ఊరికి ‘ట్యాంకోగ్రాద్’ అన్న పేరొచ్చింది.

ఇక లోపలి సంగతి. ఈ ఇంజను బ్లాకు అల్యూమినియం. అల్యూమినియం తేలికే గానీ లాగుడుకి ఉక్కులా నిలబడదు. అందుకని వాళ్లు పేలుడు బలమంతా దాని మీద పడనివ్వలేదు. క్రాంక్‌కేసులో దిగేసిన పొడవాటి ఉక్కు స్టడ్లు బ్లాకు గుండా పైకొచ్చి హెడ్డును పట్టుకుంటాయి. హెడ్డును పైకి లేపాలని చూసే బలాన్ని ఆ స్టడ్లే మోస్తాయి. సిలిండర్ల లైనర్లు ఉక్కువి. క్రాంక్‌షాఫ్టు మిశ్రమ ఉక్కుతో చేసి, బేరింగుల మీద కూర్చోబెట్టారు. ఎడమ వరస రాడ్డు అసలుది, కుడి వరస రాడ్డు దాని భుజానికి తగిలించినది. అందుకే ఎడమ వైపు స్ట్రోకు 180 మిల్లీమీటర్లయితే కుడివైపు 186.7. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు దీన్ని నమ్మేవారు కారు. స్కేలు పెట్టి కొలిచి చూపించేవాణ్ణి.

మన సైన్యానికి ఈ కుటుంబం టి-54, టి-55ల రూపంలో వచ్చింది. టి-54లో 520, టి-55లో 580 హార్స్‌పవర్. 1971లో తూర్పు బెంగాల్ నీళ్లలో ఈదిన పిటి-76 కూడా దీని బంధువే. పన్నెండు సిలిండర్లలో ఒక వరస తీసేస్తే మిగిలిన ఆరింటి ఇంజను అది, 240 హార్స్‌పవర్.

టి-72 దగ్గరికొచ్చేసరికి కథ మారింది. 41 టన్నుల ట్యాంకు, ఇంజను పెట్టే చోటేమో ఇరుకు. సైజు పెంచే వీలు లేదు. చెల్యాబిన్‌స్క్‌లో ఇవాన్ త్రషూతిన్ నడిపిన డిజైను బృందం క్రాంక్‌షాఫ్టు నుంచి గేర్ల ద్వారా తిరిగే సూపర్‌ఛార్జరు తగిలించింది. అదే వి-46. 780 హార్స్‌పవర్, 2000 చుట్లు. తర్వాత వి-84 వచ్చి 840 ఇచ్చింది. ఆ తర్వాత గేర్ల సూపర్‌ఛార్జరు తీసేసి, పొగతో తిరిగే టర్బో పెట్టారు. అది వి-92ఎస్2, 1000 హార్స్‌పవర్. 2001లో మనం ఒప్పందం చేసుకున్న టి-90లలో ఉన్నది ఇదే. లీటర్లు మాత్రం అన్నిట్లోనూ అవే 38.88!

ఇక్కడ కాస్త లెక్క చూడండి. 1800 చుట్లకి 500, 2000 చుట్లకి 1000. అంటే ఒక్కో చుట్టులో చేసే పని 1.8 రెట్లయింది. చుట్లు పెంచి తెచ్చిన శక్తి కొంచెమే. తక్కినదంతా పిస్టన్ నెత్తిన వేసిన బరువే. 150 మిల్లీమీటర్ల పిస్టన్ వైశాల్యం దాదాపు 177 చదరపు సెంటీమీటర్లు. పేలుడు పీడనం చదరపు సెంటీమీటరుకి 100 కిలోలు అనుకుంటే ఒక్క పిస్టన్ మీద 17 టన్నుల పైన పడుతుంది. అలాంటి మూడు పిస్టన్ల మీది బరువు కలిపితే మొత్తం టి-72 కంటే ఎక్కువ. 2000 చుట్ల దగ్గర ఇది ఒక్కో సిలిండరులో సెకనుకి పదహారు సార్లకి పైగా జరుగుతుంది. ఆ బరువు పిస్టన్ నుంచి పిన్నుకి, పిన్ను నుంచి రాడ్డుకి, రాడ్డు నుంచి బేరింగుకి, అక్కణ్ణించి క్రాంకుకి దిగుతుంది. పైనేమో స్టడ్లు సాగుతాయి, గాస్కెట్టు నలుగుతుంది. వేడి పెరిగితే పిస్టన్ నెత్తి మెత్తబడుతుంది, ఆయిలు పల్చబడుతుంది. ఈ గొలుసులో ఏ లింకు బలహీనమైతే అక్కడే తెగుతుంది. మా వాడి కారులో రాడ్డు తెగబోయింది, అంతే!

అందుకే రష్యన్లు 500 నుంచి వెయ్యికి ఒక్క దూకులో వెళ్లలేదు. అరవై ఏళ్లు పట్టింది. గాలి పెంచిన ప్రతిసారీ ఆ గొలుసంతా మళ్లీ చూసుకున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రిటిష్ వాళ్ల లేలాండ్ ఎల్-60. మన విజయంతలో దాన్ని 535 హార్స్‌పవర్ దగ్గర వాడాం. వాళ్ల చీఫ్టెన్‌ ట్యాంకులో మాత్రం 585తో మొదలుపెట్టి 750 దాకా లాగారు. లైనర్లు, లీకులు, ఫ్యాన్ డ్రైవులు... ఏళ్ల తరబడి మరమ్మతులే. మంచి తుపాకీ ఉన్న ట్యాంకుకి ఇంజను వల్ల చెడ్డపేరొచ్చింది.

అయితే బలం ఒక్కటే చాలదు. 1942లో ఒక టి-34ను అమెరికాకి పంపితే అబర్డీన్‌లో పరీక్షించారు. 343 కిలోమీటర్లకే ఇంజను పోయింది. డిజైను తప్పు కాదు. ఎయిర్ క్లీనరు పనికిమాలినది, దుమ్ము లోపలికెళ్లి పిస్టన్లనూ లైనర్లనూ తినేసింది.

ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే రాజస్థాన్ ఇసుకలో ఒక ఎక్సర్‌సైజులో మా టి-72 ఒకటి అలాగే దమ్ము పోయి, నల్లపొగ కక్కుతూ వెనక్కొచ్చింది. విప్పి చూస్తే ఎయిర్ క్లీనరు గొట్టం క్లిప్పు సగమే బిగించి ఉంది. అంతకు ముందు రోజు చీకట్లో దాన్ని బిగించింది నేనే. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా కష్టపడి ఇంజను మార్చాం. నన్నెవరూ తిట్టలేదు. ఆ ట్యాంకు డ్రైవరు టీ గ్లాసు నా చేతికిచ్చి, “సాబ్, ఇది యుద్ధం కాదు కాబట్టి సరిపోయింది” అన్నాడు. ఆ తర్వాత ఏ క్లిప్పునీ రెండోసారి చేత్తో తడమకుండా వదల్లేదు.

ఈ కథ ఇంకా అయిపోలేదు. 2025 మార్చిలో మన రక్షణ శాఖ టి-72ల కోసం 1000 హార్స్‌పవర్ ఇంజన్లకి రష్యా సంస్థతో 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆవడిలో తయారు చేసుకునేందుకు టెక్నాలజీ బదిలీ కూడా అందులో ఉంది. 780 చోట వెయ్యి. వినడానికి ఆనందంగానే ఉంది. కానీ ఆ 220 అదనపు గుర్రాలు ఇంజనుతోనే ఆగవు. పక్క గేర్‌బాక్సుల మీదికీ, రేడియేటరు మీదికీ, ట్రాకుల మీదికీ వస్తాయి. ఎయిర్ క్లీనరు ఇంకా ఎక్కువ గాలి వడకట్టాలి. వాటన్నిటినీ చూసుకునే బాధ్యత ఈనాటి మన కుర్రాళ్లది. మరోపక్క 2024 మార్చిలో మైసూరు బెమెల్‌లో మన సొంత 1500 హార్స్‌పవర్ ట్యాంకు ఇంజనును మొదటిసారి పరీక్షగా నడిపారు. దానికీ ఇలాంటి ఏళ్ల ఓపిక కావాలి.

మా కోర్ నినాదం ‘కర్మ హి ధర్మ’. చెల్పాన్ లాంటివాడు గీసిన గీతకీ, చీకట్లో క్లిప్పు బిగించే చేతికీ మధ్య అంత దూరమేమీ లేదని నాకనిపిస్తుంది. శక్తి ఎంతైనా పెంచుకోవచ్చు. మోసేవాణ్ణి ముందు బలపరచాలి. మా మేనల్లుడు కొత్త రాడ్లు వేయించుకుని, బూస్టు మళ్లీ కంపెనీ లెక్కకే తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాడి బండిలో నేనూ ధైర్యంగా కూర్చుంటున్నాను.

జై హింద్.