వట్టివేళ్ళ చలువ: ఒక చారిత్రక పరిశీలన

వేసవి వచ్చిందంటే తెలుగునాట కూడళ్ళలో చలివేంద్రాలు వెలుస్తాయి. ఇసుకపై నిలిపిన కుండలోని నీరు గొంతులోకి దిగగానే బాటసారికి ప్రాణం లేచివస్తుంది. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరిగా మారుతూ, అందుకు కావలసిన వేడిని కుండ నుండి, అందలి నీటి నుండి గ్రహిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ ఉష్ణం అవసరం. ఈ సూత్రమే కుండను దాటి ఇంటికి విస్తరించింది. అయితే ఆ చరిత్రను గదిలో కూర్చుండి చలువను అనుభవించినవారి వైపు నుండే గాక, వెలుపల నిలిచి నీరు చల్లినవారి వైపు నుండి కూడ పరిశీలించవలసి ఉన్నది.

వట్టివేరుకు సంస్కృతంలో ఉశీరమని పేరు. దాని శీతల గుణం మన పూర్వులకు సుపరిచితం. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ మూడవ అంకంలో తాపోపశమనానికి ఉశీర లేపనం ప్రస్తావన వస్తుంది. ఆ వేళ్ళతో అల్లిన తడికెలను తడిపి గృహాలను చల్లబరచే పద్ధతి మొగలుల కాలంలో రాజవైభవానికి చిహ్నమైంది. చక్రవర్తి ఆజ్ఞానుసారం వట్టివేళ్ళతో చలువ గృహాలు నిర్మించిన విషయాన్ని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో పేర్కొన్నాడు. ఢిల్లీలోని సంపన్న గృహాలలో తోటల నడుమ ఉండే ‘ఖస్‌ఖానా’లను, వాటిని వెలుపలి నుండి తడిపే సేవకులను ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ 1663 నాటి లేఖలో వర్ణించాడు.

ఉత్తర భారతంలో వీచే పొడి వడగాలి ఈ పద్ధతికి అనుకూలించింది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరవుతుంది. చలువ అంత అధికమవుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయుల బంగళాలలో ద్వారాలకు వట్టివేళ్ళ తడికెలు కట్టారు. ‘థర్మాంటిడోట్’ అనే పెద్ద కొయ్యపెట్టెలో రెక్కలను సేవకులు చేతితో త్రిప్పుతూ, తడి తడికెల గుండా గాలిని లోనికి పంపేవారు.

ఈ వైభవానికి ఆధారం తోలుతిత్తితో నీరు మోసిన భిస్తీ. 1539లో చౌసా యుద్ధంలో నీట మునిగిపోతున్న హుమాయూనును కాపాడిన నిజాం అనే భిస్తీకి కొద్దిసేపు సింహాసనం దక్కిందని చరిత్ర చెబుతున్నది. మండుటెండలో నిలిచి తడికెలను తడిపిన వేలాదిమంది పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ చోటు చేసుకోలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో విద్యుత్తు ఈ చాకిరీకి చాలవరకు స్వస్తి పలికింది. ఇనుప రేకుల పెట్టె, మూడు ప్రక్కల గడ్డి, నీటిని పైకెత్తే చిన్న పంపు, ఒక ఫ్యాను - ఇవే కూలరు అంగాలు. చక్రవర్తుల చలువ ఈ విధంగా సామాన్య గృహాలకు చేరింది. ఎయిర్ కండిషనరుతో పోల్చితే దీనికి అయ్యే విద్యుత్తు చాల స్వల్పం. వాతావరణానికి హాని కలిగించే శీతలీకరణ వాయువులతో దీనికి పని లేదు. తెరచిన కిటికీ గుండా తాజా గాలి నిరంతరం లోనికి వస్తుంది. అందరికీ ఉష్ణోపశమనం అందాలన్న ఆశయంతో కేంద్ర ప్రభుత్వం 2019లో శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించిన నేపథ్యంలో ఈ ప్రాచీన సూత్రం ప్రాముఖ్యం మరింత పెరిగింది.

దీనికి పరిమితులు లేకపోలేదు. గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తా తీరంలో కంటె తెలంగాణ, రాయలసీమల పొడి వేసవిలోనే ఇది చక్కగా పనిచేస్తుంది. తొట్టిలో నీరు నిలవ ఉంటే దోమలు పెరుగుతాయి గనుక వారానికొకసారైనా దానిని ఖాళీ చేసి ఆరబెట్టాలి. అన్నిటికంటె ముఖ్యమైనది నీటి లభ్యత. కుళాయి లేని ఇంట కూలరు తొట్టి నింపడానికి బిందెలతో నీరు మోసేది సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలే. తిత్తి స్థానంలో బిందె వచ్చింది, మోత తప్పలేదు. ఇంటింటికీ నీరు చేరిన నాడే ఈ చలువ నిజంగా అందరిదీ అవుతుంది.