అడవి మీద పోసిన గడ్డిమందు

మాది పినపాక మండలం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు, తప్పులుంటే చెప్పండి.

మొన్న సెలవులకి ఇంటికి పోతే, మా నాయన వరి పొలంలో గడ్డిమందు కొట్టొచ్చి చేతులు కడక్కుండానే బీడీ ముట్టిస్తున్నడు. ఖాళీ డబ్బా మీద 2,4-డి అని ఉంది. ఆ పేరు అంతకుముందే నేను వియత్నాం యుద్ధం గురించి చదువుతుంటే చూసిన.

1962 నుంచి 1971 వరకు అమెరికా విమానాలు దక్షిణ వియత్నాం మీద 7 కోట్ల లీటర్లకు పైగా గడ్డిమందులు పోసినయ్. ఆకు రాలితే గెరిల్లాలకు దాక్కునే చోటుండదు, పంట పోతే తిండి ఉండదు, ఇదీ వాళ్ల లెక్క. అందులో సగానికి పైగా ఏజెంట్ ఆరెంజ్. డ్రమ్ము మీద నారింజ రంగు పట్టీ ఉండేది, పేరు అట్ల వచ్చింది. దాంట్లో సగం 2,4-డి, సగం 2,4,5-టి. ఈ రెండోదాన్ని తయారుచేసేటప్పుడు డయాక్సిన్ అనే విషం పుట్టి అందులోనే ఉండిపోయింది. అసలు ప్రమాదం దానిదే. కాబట్టి మన వరి మందు, ఏజెంట్ ఆరెంజ్ ఒకటే అని ఎవరన్నా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి. అట్లని మనది మంచినీళ్లూ కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2,4-డిని కేన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది.

ఆ మందు మధ్య తిరిగిన సైనికులు ఇంటికెళ్లినాక ఏళ్లకు జబ్బు పడ్డరు. కంపెనీల మీద కేసు వేస్తే 1984లో 18 కోట్ల డాలర్లకు రాజీ అయింది. 1991లో చట్టం వచ్చింది. నాకు ముఖ్యం అనిపించింది ఈ చట్టమే. ఆ రోజుల్లో వియత్నాం నేల మీద కాలు పెట్టిన సైనికుడికి జాబితాలోని జబ్బు వస్తే, అది మందు వల్లే అని ప్రభుత్వమే అనుకోవాలి. అతను రుజువు చూపించక్కర్లే. ఆ జాబితాలో 2001లో షుగరు, 2010లో గుండెజబ్బు, పార్కిన్సన్స్ చేరినయ్. బీపీ చేరడానికి 2022 దాకా పట్టింది. అప్పటికి ఎంతమంది పోయిండ్రో.

మరి మందు ఎవరి నెత్తిన పడిందో వాళ్లకి? లావోస్ సరిహద్దులో ఆ లువోయ్ లోయ ఉంది. తా ఓయ్, పా కో, కో తు తెగలవాళ్లు, మనలాగే కొండల్లో పోడు చేసుకునేటోళ్లు. 1990ల్లో పరీక్షిస్తే అక్కడి పాత సైనిక స్థావరం మట్టిలో, చేపల్లో, బాతుల కొవ్వులో, తల్లిపాలలో కూడా డయాక్సిన్ దొరికింది. వియత్నాం బాధితులు 2004లో అమెరికా కోర్టుకు పోయిండ్రు. 2005లో కేసు కొట్టేసింది, 1984 రాజీ చేయించిన జడ్జే. 2009లో అక్కడి సుప్రీంకోర్టు కూడా వినలేదు.

సైనికుడికి ఎక్కడ, ఎప్పుడు పనిచేసిండో రాసిన కాగితం ఉంది. మన దగ్గర పత్తి చేన్లో, మిర్చి తోటలో కూలికి మందు కొట్టేటోళ్లకి ఏం కాగితం ఉంది? రేపు డాక్టర్ అడిగితే ఏ మందు అని చెప్తరు? "గడ్డిమందు" అంటరు, అంతే.

అందుకని ఒక పాత నోట్‌బుక్ మా నాయనకిచ్చి వచ్చిన. తేదీ, ఎవరి చేను, డబ్బా మీది పేరు, ఎన్ని ట్యాంకులు. ఆయనకు రాయడం రాదు, మా చెల్లి రాస్తది. మొన్న ఫోన్ చేస్తే నాలుగు రోజులు రాసినమన్నది. ఒక డబ్బాకి లేబుల్ చిరిగిపోయి పేరు దొరకలేదంట.