తెల్ల గులాబి రాకుమారుడు

రాజ్యమునకు కోటయు, సేనయు ఎంతటివో లాంఛనమును అంతటిదే. చాళుక్యులకును, విజయనగర ప్రభువులకును వరాహ మెట్టిదో, ఇంగ్లండులో యార్కు వంశమునకు తెల్ల గులాబి అట్టిది. ఆ గులాబి పేర ఒక యువకుడు కొన్నియేండ్లు ఐరోపా రాజసభలను కలవరపెట్టెను. అతడే పెర్కిన్ వార్బెక్.

1483లో ఇంగ్లండు రాజు నాలుగవ ఎడ్వర్డు మరణించెను. అతని కుమారులిద్దరిని లండను టవరు కోటలో ఉంచిరి. ఆ వేసవి దాటిన పిమ్మట వారు మరెవరి కంటను పడలేదు. 1485లో బాస్వర్తు యుద్ధమున వారి పినతండ్రి మూడవ రిచర్డు కూలగా, ట్యూడరు వంశీయుడగు ఏడవ హెన్రీ రాజయ్యెను. అతడు ఎడ్వర్డు కుమార్తె ఎలిజబెత్తును పెండ్లాడి, లాంకాస్టరువారి ఎఱ్ఱ గులాబిని, యార్కువారి తెల్ల గులాబిని ఒక్క పువ్వుగా కూర్చి తన చిహ్నముగా చేసికొనెను.

1491లో ఒక పట్టు వర్తకుని సేవకుడు ఐర్లండులోని కార్కు రేవున దిగెను. యజమాని పట్టుబట్టలు తొడిగి తిరుగుచున్న అతనిని చూచి, యార్కు పక్షపాతులు రాజవంశజుడే యనిరి. పిదప అతడు, కానరాకపోయిన చిన్న రాకుమారుడు రిచర్డును నేనే యని ప్రకటించుకొనెను.

ఫ్రాన్సు రాజు అతనిని ఆదరించెను. 1492లో హెన్రీతో సంధి కుదరగనే పంపివేసెను. బర్గండీ రాజవితంతువు మార్గరెట్టు నాలుగవ ఎడ్వర్డునకు చెల్లెలు. ఆమె అతనిని మేనల్లుడని అక్కున చేర్చుకొని, యార్కు వంశపు రంగులు ధరించిన ముప్పదిమంది అంగరక్షకుల నిచ్చెను. 1494లో ఆంట్వర్పు నగరమున అతడు తన బస ముంగిట ఇంగ్లండు రాజచిహ్నములను వ్రేలాడదీయించెను.

చూచుటకిది వేడుకవలె నుండును. కాని హెన్రీ ఫ్లాండర్సుతో వర్తకమునే నిలిపివేసెను. బాస్వర్తులో తన ప్రాణములు కాచిన విలియం స్టాన్లీ, ఆ యువకుడు నిజముగా ఎడ్వర్డు పుత్రుడైనచో అతనిపై కత్తి యెత్తనని పలికెనన్న అభియోగముపై 1495లో శిరచ్ఛేదమునకు గురియయ్యెను.

స్కాట్లండు రాజు నాలుగవ జేమ్సు అతనికి కాథరిన్ గార్డన్ అను కులీన కన్యనిచ్చి పెండ్లి చేసెను. 1496లో ఇంగ్లండు సరిహద్దు దాటిరి. ప్రజలలో ఒక్కరును అతని పక్షము చేరలేదు. మరుసటి యేడు జేమ్సు అతనిని సాగనంపిన ఓడ పేరు 'కోకిల'. కాకి గూట పెరుగు ఆ పక్షిని మనవారు పరభృతమన్నారు. పరుల పోషణలో బ్రతికిన యతనికి ఆ పేరు తగియేయున్నది.

1497 సెప్టెంబరులో అతడు కార్న్‌వాల్‌లో దిగగా, పన్నుల భారమున క్రుంగిన ప్రజలు వేలకొలది వెంట నడచిరి. ఎక్సెటరు కోట లొంగలేదు. రాజసైన్యము సమీపింపగా అతడు వారిని విడిచి రాత్రివేళ పారిపోయి, పిదప లొంగిపోయెను. తాను టూర్నే నగరమున జన్మించిన సామాన్యుడనని ఒప్పుకొనెను. అతని భార్య రాణి ఎలిజబెత్తు పరివారమున చేరెను. ఆ రాణియే, కానరాకపోయిన రాకుమారుల సోదరి!

1499 నవంబరు 23న అతనిని టైబర్నులో ఉరితీసిరి. ఐదుదినములకు వారిక్ ప్రభువు శిరస్సు తెగెను. అతడు నాలుగవ ఎడ్వర్డు తమ్ముని కుమారుడు, యార్కు వంశపు నిజమైన వారసుడు. బాల్యమునుండియు చెరలో మ్రగ్గినవాడు. వార్బెక్‌తో కలిసి కుట్ర పన్నెనని అతనిపై మోపిన నేరము. తెల్ల గులాబిని ఒకడు అరువు తెచ్చుకొనెను, వేరొకడు పుట్టుకతో పొందెను. సింహాసనమునకు భయము కలిగినపుడు ఆ యిరువురికిని భేదము లేకపోయెను.