మూడు వందల పదిహేడు

ఫోన్ మూడుసార్లు మోగింది. ఆమె ఎత్తలేదు. స్టవ్ మీద చారు కాగుతోంది. వంటింటి కిటికీకి చెమ్మ పట్టి, వీధి దీపం మసగ్గా కనబడుతోంది. 2021 డిసెంబరు. కరీంనగర్‌లో చలి ముదిరిన రాత్రి. ముందు గదిలోంచి ఆయన లేచి వచ్చాడు. "లిస్టులొచ్చినయ్" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

రెండు పీడీఎఫ్‌లు. మొదటిది హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్లది. ఆయన పేరు వెంటనే దొరికింది. కరీంనగర్ జిల్లా. రెండోది ప్రైమరీ బళ్ల ఎస్జీటీలది. వేలు నెట్టుకుంటూ పోతోంది, పేజీలు జారుతున్నాయి, ఆమె పేరు రాదు. కిందికి, ఇంకా కిందికి. సర్వీసులో జూనియర్ల పేర్లు ఎక్కడుంటాయో ఇద్దరికీ తెలుసు. వేలు ఆగింది.

"ఏ జిల్లా?"

"భూపాలపల్లి పడ్డది."

చారు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

ఈ వంటిల్లు ఒక్క ఇంటిది కాదు. ఆ శీతాకాలం పాత కరీంనగర్, పాత వరంగల్ జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే గదిలోకి తెచ్చి, ఇద్దరి మాటగా చెబుతున్న కథ ఇది. మిగతావి మాత్రం రికార్డుల్లో ఉన్నవే. ముందుగా ఆ అంకె.

డిసెంబరు 6న సర్కారు జీవో 317 ఇచ్చింది. పది జిల్లాలు ముప్పై మూడయ్యాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రం ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు అయింది. ఇక పాత జిల్లాలో పనిచేస్తున్న వాళ్లను కొత్త జిల్లాలకు పంచాలి. ఎలా? సీనియారిటీతో. పెద్ద సర్వీసు ఉన్నవాళ్లు ముందు కోరుకుంటారు, కోరుకునేది పట్నం ఉన్న జిల్లానే. అడవి వైపున్న జిల్లాలు చిన్న సర్వీసు వాళ్లకు మిగులుతాయి. నువ్వు ఏ ఊళ్లో పుట్టావు, ఏ బళ్లో చదివావు అన్న ప్రశ్న ఆప్షన్ ఫారంలో లెక్కకు రాలేదు. ఆ లెక్కకు రాని ప్రశ్నే మూడేళ్లు వీధుల్లో తిరిగింది.

జనవరి. మంథని దాటాక బస్సులో సీట్లు ఖాళీ అయ్యాయి. రోడ్డుకు రెండు వైపులా ఆకులు రాలిన టేకు చెట్లు. కాటారం చౌరస్తాలో దిగేసరికి బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఒక రోడ్డు కాళేశ్వరం వైపు, ఒకటి భూపాలపల్లి వైపు. ఆటోలో ఊరి బడికి చేరింది. గేటు తీసే ఉంది. వరండాలో చీపురు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తలెత్తింది.

"పిల్లలేరి సార్?"

"కరోనా సెలవులు మేడమ్. నెలాఖరు దాకా రారు."

పిల్లలు లేని బడిలో ఆమె జాయినయింది. నల్లబల్ల మీద పాత తేదీ అలాగే ఉంది. బయట ఫోన్ మోగింది. కొడుకు. ఐదేళ్లవాడు. "మమ్మీ, రాత్రికొస్తవా?"

రాత్రికి రాలేదు. శనివారం వచ్చింది.

జనవరి 2 రాత్రే కరీంనగర్‌లో గొడవయింది. ఇదే జీవో మీద జాగరణ దీక్షకు కూర్చున్న బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్‌ని పోలీసులు ఆయన ఆఫీసులోకి చొరబడి పట్టుకుపోయారు. పార్టీల గొడవ అట్లా నడుస్తుండగా, టీచర్ల సంఘాల సార్లు మండల రిసోర్స్ సెంటర్ మెట్ల మీద కూర్చుని వినతిపత్రాలు రాస్తున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరున్నవాడు, పెన్ను మూత పెట్టి నవ్వాడట. "610 కోసం రోడ్డెక్కినోళ్లం మనమే గదా."

ఆ నవ్వు వెనక చాలా ఏళ్లున్నాయి. రాజ్యాంగంలోని 371-డి, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, అది అమలు కాలేదని 1985 డిసెంబరు 30న ఎన్టీఆర్ సర్కారు ఇచ్చిన 610 జీవో. స్థానికుడి ఉద్యోగం స్థానికుడికే అన్న ఒక్క మాట కోసం తెలంగాణ టీచర్లు తరాల తరబడి కొట్లాడారు. రాష్ట్రమొచ్చింది. రాష్ట్రపతి ఉత్తర్వూ మారింది. ఆ ఉత్తర్వు పేరు మీదనే, పుట్టిన జిల్లాలోంచి బయటికి పంపే కాగితం చేతికొచ్చింది. ఇక్కడ ముడి ఇంకోటి ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వును శాసనసభ ఒక్క ఓటుతో మార్చలేదు, అది ఢిల్లీ సంతకం. పంచే పద్ధతి మాత్రం హైదరాబాదుదే. సంఘాలు పట్టుకున్నది ఆ కొసనే.

వరంగల్-ఖమ్మం-నల్గొండ టీచర్ ఎమ్మెల్సీ అలుగుబెల్లి నర్సిరెడ్డి శాసనమండలిలో 317 ఎత్తారు. బయట పోరాట కమిటీ. లోపల ప్రశ్న. భార్యాభర్తలను ఒక జిల్లాకు తెస్తామన్న మాటొచ్చింది. కొన్ని జిల్లాల్లో జరిగింది కూడా. ఆమె ఆశగా దరఖాస్తు పెట్టింది. ఆపైన ఒక లైను కనబడింది. పదమూడు జిల్లాలకు దంపతుల బదిలీలు బ్లాక్. అందులో కరీంనగర్.

2022 జులైలో వాన ఆగకుండా కురిసింది. గోదావరి గట్టు దాటింది. కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి పంపుహౌస్‌లో మోటార్లు మునిగాయి. రోడ్లు తెగాయి. కాటారంలో అద్దె గది, రేకుల మీద వాన దరువు, కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ పదకొండు శాతం. అవతల కొడుక్కి జ్వరం. థర్మామీటర్‌లో ఎంతుందో ఆయన చెబుతుండగానే లైను కట్టయింది.

తెల్లారేదాకా ఆమె గోడకు ఆనుకునే కూర్చుంది.

2023 జనవరి. హైదరాబాద్, లక్డీకాపూల్. పాఠశాల విద్య డైరెక్టరేట్ ముందు మౌన దీక్ష. పదమూడు జిల్లాల వాళ్లొచ్చారు. పిల్లల్ని తెచ్చుకున్నారు. నినాదాల్లేవు. పోలీసులొచ్చారు. ఒక తల్లి చంకలో పిల్లతో, ఇంకొకామె కొంగు పట్టుకున్న ఇద్దరితో, ఒకాయన భుజాన స్కూలు బ్యాగు, చేతిలో పాల సీసా, మెళ్లో ఐడీ కార్డు వేలాడుతుండగా, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియని తోపులాటలో ఒక్కొక్కరూ వ్యాను మెట్లెక్కుతుంటే, పిల్లలు ఏడుస్తుంటే, టీవీ కెమెరాలు ఆ ఏడుపు మీదికే వంగుతుంటే, రోడ్డు అవతల సిటీ బస్సు కిటికీల్లోంచి జనం మెడలు చాచి చూశారు. వ్యాను తలుపు పడింది. లోపలి నుంచి ఒక పిల్ల గొంతు: "మనం ఏం తప్పు చేసినం డాడీ?"

ఆ సాయంత్రం అన్ని చానళ్లలోనూ అదే దృశ్యం. అంతకు ముందు ఏడాది కాగితాలు కదిలించలేనిది ఈ ఒక్క వ్యాను కొంత కదిలించింది. స్కూల్ అసిస్టెంట్ దంపతుల్లో కొందరికి బదిలీలొచ్చాయి. ఎస్జీటీలకు? ఆమె ఫోన్ మోగలేదు.

అదే ఏడాది ఇంకో బండి కూడా ఆగింది. మామూలు బదిలీల నిబంధనల్లో దంపతులకు, గుర్తింపు సంఘాల నేతలకు అదనపు పాయింట్లు పెట్టారు. మిగతా టీచర్లు హైకోర్టుకెళ్లారు. చట్టసభల ముందు పెట్టకుండా నిబంధనలు మారుస్తారా అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. స్టే పడింది. ఆగస్టులో సర్కారు నిబంధనలను ఉభయసభల ముందుంచింది. ఆగస్టు 30న కోర్టు బదిలీలకు దారి వదిలింది, దంపతుల పాయింట్లు ఉంచి, నేతల పది పాయింట్లు పక్కన పెట్టి. స్టాఫ్‌రూముల్లో ఈ రెండో ముక్క దగ్గర చాలామంది చప్పుడు చేయకుండా నవ్వుకున్నారు. మనకోసం కొట్లాడేవాడికి మనకంటే పది ఎక్కువా అన్న మంట సంఘాల్లోనే ఉంది, దాన్ని దాచి లాభం లేదు. పైగా ఆ బదిలీలు జిల్లా లోపలివి. జిల్లా దాటాల్సిన ఆమెకు పాయింట్లతో పనే లేదు.

అక్టోబరు 21. కాటారం చౌరస్తాలో టీ కొట్టు దగ్గర ఒకటే గుసగుస. మేడిగడ్డ బ్యారేజీ పిల్లరు కుంగిందట. అవతలి నెలలో ఎన్నికలు. డిసెంబరు 3న ఫలితాలొచ్చాయి, ప్రభుత్వం మారింది. కాటారం మంథని నియోజకవర్గంలోది. అక్కడ గెలిచిన దుద్దిళ్ల శ్రీధర్‌బాబు మంత్రయ్యారు. ఆయనకు దక్కిన శాఖల్లో ఒకటి, శాసనసభా వ్యవహారాలు. 2024 ఫిబ్రవరిలో 317 మీద మంత్రివర్గ ఉపసంఘం వేశారు. దామోదర రాజనర్సింహ అధ్యక్షుడు, పొన్నం ప్రభాకర్, శ్రీధర్‌బాబు సభ్యులు. ఆమె మళ్లీ దరఖాస్తు నింపింది. కారణం అన్న గడిలో 'స్పౌజ్' అని కొట్టింది. ఎన్నోసారో లెక్క మర్చిపోయింది.

ఎండాకాలం పోయింది. వానాకాలం పోయింది. నవంబరు నెలాఖరున రాత్రి వాట్సాప్ మళ్లీ టింగుమంది. దంపతులు, ఆరోగ్య కారణాలు, పరస్పర బదిలీలు, వీటికి ఉత్తర్వులు. ఆమె పైనుంచి కింది దాకా చదివింది. మళ్లీ పైనుంచి చదివింది. ఖాళీలుంటేనే. కరీంనగర్‌లో ఎస్జీటీ ఖాళీలెన్ని? ఆయన లైన్లోనే ఉన్నాడు.

"తెలుసుకుంట. పండుకో."

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు.

2025 ఫిబ్రవరి 27. ముందు రోజు శివరాత్రి. కాళేశ్వరంలో జాగరం చేసినవాళ్ల వాహనాలు కాటారం మీదుగా ఇంకా పోతూనే ఉన్నాయి. ఆమె సెలవుకు కరీంనగర్ వచ్చింది. ఆ రోజు టీచర్ ఎమ్మెల్సీ పోలింగ్. మండలిలో నలభై సీట్లు, టీచర్లకు మూడు. ఇద్దరూ బండి మీద వెళ్లారు. ఆయన క్యూలోకి నడిచాడు. లోపల ఊదారంగు స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు అని అంకెలు వేయాలి.

ఆమె గేటుకు దూరంగా వేప చెట్టు కింద బండి దగ్గర నిలబడింది. కొడుకు ట్యాంకు మీద. టెంటు కిందినుంచి ఒక కార్యకర్త పరుగున వచ్చాడు, చెమటతో తడిసిన చొక్కా, చేతిలో స్లిప్పుల కట్ట. "మేడమ్ నమస్తే. టీచరే గదా? మొదటి ప్రాధాన్యం మనకే, 317 సంగతి మండలిలో మనమే..."

"ఎస్జీటీని. ప్రైమరీ స్కూల్" అంది ఆమె.

రాజ్యాంగం 171వ అధికరణ చెప్పేది అదే. హైస్కూలు స్థాయికి తగ్గని బడుల్లో, కనీసం మూడేళ్లు చెప్పినవాళ్లకే ఈ ఓటు.

కార్యకర్త చెయ్యి గాల్లో ఆగింది. స్లిప్పు వెనక్కి కట్టలోకి పోయింది. "అయితే సార్‌కు చెప్పండి మేడమ్" అంటూ అతను ఇంకో బండి వైపు పరుగెత్తాడు.