పల్లె ముంగిట సమాచారకేంద్రము

పుదుచ్చేరి యనగానే ఆంధ్రులకు మొదట యానాము జ్ఞప్తికి వచ్చుట సహజము. గోదావరీతీరము నందలి ఆ తెలుగు పట్టణమును, తమిళదేశము నడుమనున్న పుదుచ్చేరియు ఒకే పాలనకు చెందినవి. అయితే పుదుచ్చేరికి మరియొక ప్రసిద్ధి కూడ కలదు. ఇంటర్నెట్టు మన దేశమునకు వచ్చిన తొలి సంవత్సరములలో, నగరవాసులకే అది వింతగా నుండిన కాలమున, దానిని నిరుపేదల వాకిటికి కొనిపోవు ప్రయత్న మొకటి ఆ పట్టణపు చుట్టుప్రక్కల పల్లెలలో జరిగినది. ఆ ప్రయత్నము ఎట్లు మొదలైనదో, ఎందువలన నిలిచినదో తెలిసికొనుట ప్రభుత్వకార్యాలయములలో పనిచేయువారికి విశేషముగా ఉపయోగపడగలదు.

సామాన్యజనులు కంప్యూటరు ద్వారా సమాచారము పంచుకొనవచ్చునను తలంపు అమెరికాలో ముందుగా ఆచరణలోనికి వచ్చినది. 1973లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి బర్క్‌లీ పట్టణమున కొందరు, గ్రామఫోను రికార్డు లమ్ము దుకాణములో ఒక టెలిటైపు యంత్రమును నెలకొల్పి, ఎవరైనను వచ్చి తమ ప్రకటన వ్రాసికొనుటకును, ఇతరుల ప్రకటనలు చదువుకొనుటకును వీలు కల్పించిరి. దానికి ‘కమ్యూనిటీ మెమరీ’ యని పేరు. 1984లో ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లండు నగరమున టామ్ గ్రండ్నరు అను విద్యావేత్త ఒకే ఒక టెలిఫోను తీగతో, ప్రజలడుగు ఆరోగ్యప్రశ్నలకు వైద్యులచే జవాబు లిప్పించు ఏర్పాటు చేసెను. అదియే పెరిగి 1986లో ‘క్లీవ్‌లండు ఫ్రీనెట్’ అయి, 1999 వరకు ఉచితముగా పనిచేసినది. ఈ రెండును మెచ్చదగిన పనులే. కాని మొదటిదానికి అక్షరజ్ఞానము కావలెను. రెండవదానికి ఇంటిలో కంప్యూటరును టెలిఫోనును కావలెను. ఇవి యేవియు లేని వారి మాట యేమి? ఈ ప్రశ్న మన దేశములో తలయెత్తినది.

భారతదేశమున 1986 నుండి ‘ఎర్నెట్’ అను వ్యవస్థ విద్యాసంస్థలకును పరిశోధనాలయములకును ఇటువంటి సంబంధము కల్పించుచుండెను. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినది. ఆరంభమున అది కొన్ని మహానగరములకే పరిమితము. పల్లెలలో టెలిఫోను తీగలే అరుదు. ఉన్నచోట వానిని నమ్ముటకు లేదు. విద్యుచ్ఛక్తి ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు పోవునో తెలియదు. ఇట్టి స్థితిలో 1998లో, మద్రాసునందలి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, కెనడా దేశపు అంతర్జాతీయాభివృద్ధి పరిశోధన కేంద్రము వారి ధనసహాయముతో పుదుచ్చేరి ప్రాంతమున ‘సమాచార గ్రామము’ అను పరిశోధనకు పూనుకొన్నది.

ఆ సంస్థవారు ముందుగా యంత్రములు కొని తరువాత వానికి పని వెదకలేదు. మొదట పల్లెలు తిరిగి, అచటివారికి ఏ విషయము కావలెనో, అది ఇప్పుడు ఎవరివలన తెలియుచున్నదో విచారించిరి. రైతునకు ధరలను, ఎరువులను గూర్చి చెప్పువారు ఎక్కువగా అంగడివారును, ఎరువుల వ్యాపారులును అని తేలినది. అనగా సరకు అమ్ముకొనువాడే సలహాదారుడు కూడ నన్నమాట. పేదవాడు నష్టపోవుట తెలివి లేక కాదు, తెలిసికొనుటకు మరియొక చోటు లేక. ఈ సంగతి గ్రహించిన తరువాతనే యంత్రముల మాట వచ్చినది.

పుదుచ్చేరికి సమీపమున నున్న విల్లియనూరు ఈ పనికి కేంద్రమైనది. అచటి కార్యాలయమునకు టెలిఫోను ద్వారా ఇంటర్నెట్టు సంబంధ ముండెను. అచటి సిబ్బంది వచ్చిన సమాచారమును, ప్రభుత్వ శాఖలవలనను సంతలవలనను సేకరించిన వివరములను తమిళములోనికి మార్చి, పల్లెలకు పంపుచుండిరి. తీగలు లేనిచోట, ఇరువైపులవారును మాటలాడుకొనుటకు వీలైన రేడియో యంత్రములను వాడిరి. వాని ద్వారా మాటలే కాక కంప్యూటరు సమాచారము కూడ పోవుచుండెను. విద్యుచ్ఛక్తి కొరతకు సూర్యరశ్మి పలకలు తోడ్పడినవి. ఈ విధముగా పాత సాధనములను, క్రొత్త సాధనములను కలిపి, ఉన్నదానితో పని జరుపుకొనిరి.

పల్లెవారికి కొన్ని నియమము లేర్పడినవి. కేంద్రము కావలెనని గ్రామమే కోరవలెను. అద్దె లేకుండ గది నీయవలెను. దానిని నడపుటకు స్వచ్ఛందసేవకులను ఎన్నుకొనవలెను. వారిలో స్త్రీలకు ప్రాధాన్య మీయవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమము, ఏ కులమువారైనను నిరాటంకముగా లోనికి రావచ్చుననునది. యంత్రములును శిక్షణయు మాత్రము సంస్థ ఇచ్చును. చూచుటకు సామాన్యముగా కనబడు ఈ ఒప్పందములో, ఆ చివరి నియమమే గ్రామమునకు కఠినపరీక్ష.

ఏంబలము అను గ్రామమున ఆ పరీక్ష జరిగినది. అచట కేంద్రమునకు పెద్దలు చూపిన చోటు, శతాబ్దికాలపు దేవాలయములో ఒక ప్రక్కనున్న భాగము. ఆ ఆలయపు గర్భగుడివైపు ద్వారమును అణగారిన కులములవారు దాటరాదు; రజస్వలలైన స్త్రీలును దాటరాదు. కాని కంప్యూటరులున్న ప్రక్కద్వారము మాత్రము ఎల్లరకును తెరువబడినది. ఆచారము మారినదని చెప్పరాదు, మొదటి ద్వారము మొదటివలెనే యుండెను. అయినను ఒకే కప్పు క్రింద రెండవ ద్వార మొకటి తెరచుటకు గ్రామపెద్దలు సమ్మతించుట అల్పవిషయము కాదు. ఈనలేక దినములకొలది బాధపడుచున్న ఆవును గలిగిన ఒక పేదరాలు ఈ కేంద్రమునకు వచ్చి, పశువైద్యుల జాబితాలో నుండి ఒకరి టెలిఫోను సంఖ్య తెలిసికొని, ఆయనను రప్పించుకొని, ఆవును దక్కించుకొన్నది. ఆమెకు ఇంటర్నెట్టు అనగా నేమో తెలియవలసిన అవసరము కలుగలేదు.

ఆ కేంద్రములను నడపిన స్త్రీలలో పలువురు పాఠశాలచదువు మాత్రమే చదివి, అంతకుముందు కంప్యూటరును చూచి యెరుగనివారు. వారు తమిళమున టైపు చేయుట నేర్చిరి. ధాన్యపు ధరలు, వైద్యులుండు వేళలు, ప్రభుత్వపథకముల వివరములు జాబితాలుగా కూర్చిరి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల పట్టిక కూడ కేంద్రములలో చూచుకొనుటకు వీలైనది. పథకము లెన్ని యున్నను, తన పేరు పట్టికలో నున్నదో లేదో తెలియనివానికి వానివలన ఫలము లేదు. కార్యాలయపు బీరువాలో నుండవలసిన కాగితము ఊరినడుమకు వచ్చుటయే ఇచట జరిగిన మార్పు. దస్త్రములతో జీవితము గడపువారికి దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

సముద్రతీరమునందలి వీరాంపట్టినము బెస్తవారి గ్రామము. వారికి కావలసినది ధాన్యపు ధర కాదు, రేపటి అలల ఎత్తు. అమెరికా నౌకాదళమువారు ఇంటర్నెట్టులో ప్రకటించుచుండిన బంగాళాఖాతపు అలల సూచనలను విల్లియనూరులో గ్రహించి, తమిళమున చెప్పి, పల్లెకు పంపుచుండిరి. అచట వానిని తీరము పొడవున అమర్చిన మైకులలో వినిపించుచుండిరి. చదువురానివాడును వల బాగుచేసికొనుచునే వినగలిగెను. ఈ ప్రయత్నమునకు 2001లో స్టాకుహోము ఛాలెంజి బహుమానము లభించినది.

ఇంతకంటె పెద్ద నిదర్శనము 2004 డిసెంబరు 26న కనబడినది. ఆ దినమున సునామీ విరుచుకొనిపడినపుడు నల్లవాడు అను బెస్తపల్లెలో కూడ ఇట్టి కేంద్రమే యుండెను. ఆ ఊరివాడై సింగపూరులో పనిచేయుచున్న ఒక యువకుడు, ఉపద్రవవార్త తెలిసి ఇంటికి టెలిఫోను చేసి, వెంటనే ఊరు విడువుడని హెచ్చరించెను. ఆ మాట విన్నవారు పరుగున పోయి, మూసియున్న కేంద్రపు తలుపులు పగులగొట్టి, మైకులో ఊరంతటికి చాటినట్లు నాటి వార్తలవలన తెలియుచున్నది. ఇండ్లును పడవలును పోయినవి; మూడువేల అయిదువందలకు పైబడిన జనము ప్రాణములతో బయటపడిరి. ఆ తలుపు ఎవరిదని ఆలోచింపక పగులగొట్టగలిగిరన్నచో, ఆ కేంద్రము తమదేయని వారు నమ్మియుండుటయే కారణము.

అదే కాలమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటరులను ప్రవేశపెట్టి, 2001లో హైదరాబాదున ‘ఈసేవ’ కేంద్రములను తెరచినది. అవి ప్రజల కాలమును, శ్రమను ఎంతయో తగ్గించినవి. కాని అవి ప్రభుత్వము ప్రజలకు అందించిన సౌకర్యములు. పుదుచ్చేరి కేంద్రములు పల్లె తానై అడిగి తెచ్చుకొన్నవి. 2006లో కేంద్రప్రభుత్వము దేశమంతటను లక్ష ఉమ్మడి సేవాకేంద్రములు నెలకొల్పు పథకమును ఆమోదించినపుడు, ఈ రెండు మార్గముల అనుభవమును అప్పటికే మన దేశమున సిద్ధముగా నుండినది.

నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను కలదు. విల్లియనూరునుండి రేడియోపై పోయిన వార్తకంటె వేయింతలు ఎక్కువ వార్త క్షణములో పల్లెకు చేరుచున్నది. ఆ పాత యంత్రములు తిరిగి రానక్కరలేదు. కాని వార్త చేరిన తరువాత దానిని వారి భాషలో విప్పి చెప్పు మనిషి యెవరు, ఆ మనిషి కూర్చున్న గదిలోనికి ఊరిలోని చిట్టచివరి ఇంటివారు రాగలుగుదురా, అను రెండు ప్రశ్నలు మాత్రము ఏంబలములో నున్నట్లే నేటికిని మిగిలియున్నవి. ఏ క్రొత్త పథకమునకు దస్త్రము తెరచినను, మొదటి పుటలోనే వీనిని వ్రాసికొనుట మేలు.