పన్నెండు మెట్లు, ఒక పూచీదారు

తాగుడు సమస్య వచ్చినప్పుడు మన అభ్యుదయ శిబిరంలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. అది దోపిడీ వ్యవస్థ పెంచిన రోగమన్నది మొదటిది. వ్యవస్థ మారితే రోగమూ పోతుందన్నది రెండోది. మొదటి మాటలో సత్యం ఉంది. రెండో మాట మాత్రం ఈ రాత్రి చేతులు వణుకుతూ కూర్చున్న మనిషికి ఏమీ చెప్పదు. అతను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి తలుపు తట్టాలి? ఈ ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు దొరికింది. అది మనకు రుచించని చోట, మనకు రుచించని భాషలో దొరికింది. కనుకనే దాన్ని మనం మరింత జాగ్రత్తగా పరిశీలించాలని నా అభిప్రాయం.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్నం రబ్బరు టైర్ల కార్ఖానాలకు పేరుపడ్డది. 1935 సెప్టెంబరులో రబ్బరు కార్మికుల జాతీయ సంఘం ఏర్పడింది అక్కడే. 1936 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడియర్ కార్మికులు చేసిన సమ్మె అమెరికా కార్మికోద్యమ చరిత్రకెక్కింది. ఆ సంఘం పుట్టడానికి నాలుగు నెలల ముందు, అదే పట్నంలో మరో రకం సంఘానికి బీజం పడింది. దాన్ని నాటినవాడు కార్మికుడు కాడు, న్యూయార్కు వాటాల బజారులో పైకొచ్చి, తాగుడు వల్ల చితికిపోయిన విలియం విల్సన్. ఒక రబ్బరు యంత్రాల కంపెనీపై పెత్తనం కోసం వాటాదార్ల మధ్య నడిచిన తగాదాలో ఒక పక్షం తరఫున వచ్చి, ఓడిపోయి, మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా మిగిలాడు. మద్యం మానేసి అప్పటికి ఐదు నెలలు. పక్కనే బారు ఉంది. అందులోకి వెళ్ళకుండా, అక్కడున్న చర్చీల పట్టిక చూసి ఫోను చేశాడు. అతను వెతికింది వైద్యుణ్ణి కాదు, పాదిరీని కాదు, తనలాంటి మరో తాగుబోతును.

ఆ ఫోను ఫలితంగా మే 12న రాబర్టు స్మిత్ అనే శస్త్రవైద్యుడు అతన్ని కలిశాడు. పదిహేను నిమిషాలైతే సరేనని వచ్చిన స్మిత్ గంటల తరబడి కూర్చుండిపోయాడు. తాగుడు చెడ్డదని ఒక డాక్టరుకి తెలియదా? తెలుసు. నీతిబోధలూ అతను చాలానే విన్నాడు. కొత్త సంగతి ఒక్కటే: విల్సన్ అతన్ని ఉద్ధరించడానికి రాలేదు, తాను పడిపోకుండా నిలబడటానికి వచ్చాడు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉండే ఎత్తుపల్లాలు ఆ గదిలో చెరిగిపోయాయి. ధర్మదాతల దయకూ సాటివారి సంఘీభావానికీ ఉన్న తేడా ఇదే. స్మిత్ చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

ఈ అనుభవాన్ని విల్సన్ 1938 చివర పన్నెండు మెట్లుగా కూర్చాడు. 1939లో అవి పుస్తకంగా వచ్చాయి. కాని ఈ పద్ధతికి ప్రాణమైన ‘స్పాన్సరు’ అన్న మాట ఆ పుస్తకంలోని మూల అధ్యాయాల్లో కనిపించదు. దాన్ని సృష్టించింది గ్రంథం కాదు, అవసరం. ఏక్రన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో సిస్టర్ ఇగ్నేషియా చేర్చుకునే రోగికి ఒక పాత సభ్యుడు పూచీపడటం ఆనవాయితీ అయింది. 1939 శరత్తులో క్లీవ్‌లాండ్ పత్రిక ఒకటి వరుసగా వ్యాసాలు ప్రచురించేసరికి, ఇరవై మందో ఎంతో ఉన్న అక్కడి బృందం మీద వందల మంది వచ్చిపడ్డారు. నాయకులు చాలలేదు. అప్పుడు కొద్ది వారాల క్రితం మానినవాణ్ణే నిన్న వచ్చినవాడికి తోడుగా పంపారు. అది పనిచేసింది. ఒక బాటలో రెండడుగులు ముందున్నవాడే వెనకవాడికి చాలినంత దారి చూపగలడని తేలింది.

స్పాన్సరు అన్న మాటకు లాటిన్ మూలంలో మాట ఇచ్చినవాడు, హామీ పడినవాడు అని అర్థం. కనుక తెలుగులో దాన్ని ‘గురువు’ అనడం పొరపాటు. గురువు పైన ఉంటాడు, పూచీదారు పక్కన ఉంటాడు.

ఇక మొదలుపెట్టే తీరు. సభ్యత్వానికి ఒక్కటే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. ఎవరైనా వచ్చి వినగల బహిరంగ సమావేశాలు కొన్ని, తాగుడు బాధితులకే పరిమితమైనవి కొన్ని ఉంటాయి. కొత్తవాడు మొదట విని ఊరుకోవచ్చు. కొన్ని సమావేశాలు చూశాక, కనీసం ఏడాదిగా మద్యం ముట్టనివాణ్ణి, మాటకీ బతుకుకీ పొంతన ఉన్నవాణ్ణి గుర్తించి, నాకు స్పాన్సరుగా ఉంటారా అని తానే అడగాలి. పురుషుడికి పురుషుడు, స్త్రీకి స్త్రీ ఉండటం వాడుక. కుదరకపోతే మార్చుకోవచ్చు. తాగాలనిపించిన క్షణాన, తాగకముందే, అతనికి ఫోను చేయాలి. నాలుగో మెట్టులో తన జీవితపు లెక్కలు కాగితం మీద పెట్టాలి. ఐదో మెట్టులో వాటిని మరో మనిషి ముందు చదవాలి. ఎనిమిది, తొమ్మిది మెట్లలో తాను నష్టపరిచినవారి జాబితా రాసి, మరొకరికి హాని కలగనంత మేరకు దిద్దుబాటు చేయాలి. పన్నెండోది, తాను మరొకడికి తోడు నిలవడం. స్పాన్సరు వైద్యుడు కాడని మాత్రం గుర్తుంచుకోవాలి. రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. అక్కడ ముందు చూడవలసింది డాక్టరునే.

‘ఇది భజన సమాజం కాదా మాస్టారూ?’ అని నా విద్యార్థులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. దీని మాతృక ఫ్రాంక్ బుక్‌మన్ నడిపిన ఆక్స్‌ఫర్డ్ బృందం. 1936లో కమ్యూనిజానికి అడ్డుగోడ కట్టాడంటూ హిట్లర్‌ను మెచ్చుకున్న మనిషి ఈ బుక్‌మన్! కాని చరిత్రను పుట్టుకతోనే తేల్చకూడదు. న్యూయార్కు సభ్యులు 1937లో, క్లీవ్‌లాండ్, ఏక్రన్ సభ్యులు 1939లో ఆ బృందం నుంచి విడిపోయారు. జిమ్ బర్వెల్ వంటి నాస్తికులు లోపల పోట్లాడి, దేవుడన్న మాటకు ఎవరి అవగాహన వారిదేనన్న షరతు చేర్పించారు. నేటికీ చాలామంది ఆ ‘పైశక్తి’ స్థానంలో తమ బృందాన్నే నిలుపుకొంటారు. ఫలితాల మాటకొస్తే, 2020లో కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలకు పైగా వ్యక్తుల వివరాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడటంలో, పన్నెండు మెట్ల బాట పట్టించే క్రమబద్ధమైన చికిత్స ఇతర చికిత్సలకన్న మెరుగని తేల్చింది.

అసలు లోపం మరోచోట ఉంది. ఈ సంఘం సారా వ్యాపారం గురించీ, దాన్ని పోషించే ఖజానా గురించీ మాట్లాడదు. బయటి వివాదాల జోలికి పోరాదన్నది దాని సంప్రదాయం. దానికీ కారణముంది. 1840లో బాల్టిమోరులో ఆరుగురు తాగుబోతులు స్థాపించిన వాషింగ్టోనియన్ ఉద్యమం వేలమందిని కూడగట్టి కూడా, మద్యనిషేధ వాదోపవాదాల్లో చిక్కుకొని కొద్ది ఏళ్ళలోనే చెదిరిపోయింది. అయినా మౌనం మౌనమే. ఆ మౌనాన్ని బద్దలుకొట్టే పని ఉద్యమాలది.

మన ఆంధ్రలో ఆ పని జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు సారా కొట్టు మూయించారు. 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. కొట్టు మూసిన స్త్రీలకు చేతులెత్తి నమస్కరించాలి. కాని కొట్టు మూసిన రాత్రి ఇంట్లో వణికిన మగవాడి పక్కన ఎవరు కూర్చున్నారు? కొట్టు మళ్ళీ తెరిచిన నాడు అతని చెయ్యి పట్టుకున్నదెవరు?

గురజాడ ‘కన్యాశుల్కం’లోని సారా దుకాణం రంగం తెలుగు పాఠకులకు తెలిసిందే. తాగుడుకు తోడు ఎంత ముఖ్యమో ఆ రంగం చెబుతుంది. మానడానికీ అంతే తోడు కావాలని ఏక్రన్ చెబుతుంది. కొట్టు మీదికి నడిచే ఊరేగింపూ, అర్ధరాత్రి ఫోనుకు పలికే సహచరుడూ ఒకదానికొకటి పోటీ కావు. మన కార్మిక సంఘాల్లో, ఉపాధ్యాయ సంఘాల్లో, వసతిగృహాల్లో మొదటిదాన్ని నడపగలవాళ్ళు ఉన్నారు. రెండో పనికి పూచీపడేవాళ్ళు కూడా అక్కడి నుంచే రావాలి.